లస్కరు బుల్లబ్బాయి గారి మురుగుబోదె

పొన్నమెరక పేరులో మెరక ఉంది గానీ ఊరు ఒట్టి పల్లం. అంతర్వేది బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కొబ్బరితోటల సందుల్లోంచి ఆ ఊరి వరిచేలు కనిపిస్తాయి. నలభై ఎకరాలు, పద్దెనిమిది మంది రైతులు. ఆ చేలకి ముప్ఫై మూడేళ్ళపాటు నీళ్ళు పెట్టినవారు బుల్లబ్బాయి గారు. కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని ఇక్కడ లస్కరు అంటారు. ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఉద్యోగం వదిలింది గానీ ఆ పేరు వదల్లేదు. షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలునైతే ఆయనే వదల్లేదు. తిరిగి ఇచ్చేయమని ఆఫీసు నుంచి రెండుసార్లు కబురొస్తే, "వెతుకుతున్నానండీ" అని జవాబు పంపి, దాన్ని మంచం కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయారు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. పంచె ఎప్పుడూ మోకాళ్ళ పైకే ఉంటుంది. పెళ్ళిళ్ళకి కూడా అలాగే బయల్దేరబోతే, భార్య వీరవేణి గుమ్మంలో ఆపి పంచె దింపించి మరీ పంపేది. నీళ్ళ విషయంలో ఆయనకో మాట ఉంది: "నీళ్ళ దగ్గర తల్లికైనా వంతే." ఒకసారి సొంత అన్నగారి చేను సగం తడిసేసరికి వంతు సమయం అయిపోయిందని గండి కట్టేశారు. వదినగారు ఏడాదిన్నర మాట్లాడలేదు. అన్నగారు మాత్రం మర్నాడే మాట్లాడారు, ఎందుకంటే తర్వాతి వంతు కూడా తమ్ముడి చేతిలోనే ఉంది.

ఈ వంతు సంగతి కాస్త చెప్పుకోవాలి. పొన్నమెరకలో ప్రతి చేనుకీ విడిగా కాలువ లేదు. కాలువ నుంచి వచ్చే బోదె, అంటే పిల్లకాలువ, మొదటి చేను దగ్గర ఆగిపోతుంది. ఆ చేను నిండాక గట్టుకి చిన్న గండి కొడితే నీళ్ళు కింది చేలోకి దిగుతాయి, అక్కడి నుంచి ఆ కిందికి. అలా పదిహేడు చేలు దాటి చిట్టచివరన ఆదిలక్ష్మి చేలోకి వస్తాయి. దాన్ని శివారు చేను అంటారు. అరవై సెంట్లు. తండ్రి ఆమెకి పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. భర్త ప్రకాష్ అంతర్వేదిలో పడవ మీద వేటకి వెళ్తాడు, చేను పనంతా ఆమెదే. శివారు రైతుకి నీళ్ళు అందరికంటే ఆఖర్న వస్తాయి, కొరత వస్తే అందరికంటే ముందు ఆగిపోతాయి. ఆదిలక్ష్మి గట్టు మీద కూర్చుని ఎదురుచూడటం ఊళ్ళో అందరికీ ఎంత అలవాటంటే, ఆమె అక్కడ లేకపోతేనే వింతగా చూసేవారు.

తుఫాను కార్తీకంలో వచ్చింది. గాలి ఒక రాత్రితో పోయింది గానీ సముద్రం వెంటనే పోలేదు. ఉప్పునీళ్ళు మురుగు కాలువలోంచి వెనక్కి తన్నుకొచ్చి, కోతకొచ్చిన చేలమీద ఐదు రోజులు నిలబడ్డాయి. కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. ఆ తర్వాత బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, కార్లేసుకుని పెద్దమనుషులూ వచ్చారు. పడిపోయిన చెట్ల పక్కన ఫొటోలు దిగారు. ఇరవయ్యో రోజుకి ఎవరిపనిలో వాళ్ళు పడ్డారు. ఉప్పు మాత్రం మట్టిలోనే ఉండిపోయింది. ఎండ కాసేసరికి చేలమీద తెల్లగా పొర తేలింది.

అప్పుడు మొదలైంది బుల్లబ్బాయి గారి రెండో ఉద్యోగం. దీనికి జీతం లేదు, రిటైర్మెంటు అసలే లేదు.

మొదట గడ్డి. పశువులకి మేత లేదు. వీరవేణి పుట్టిల్లు రాయవరం, అక్కడ పంట దెబ్బతినలేదు. ఆమె తమ్ముడికి ఫోను చేసి, "ఒరే, అక్కకి చీర పెట్టకపోయినా పరవాలేదు, లారీడు గడ్డి పంపించు" అంది. లారీ వచ్చింది. బుల్లబ్బాయి గారు దాన్ని కూడా వంతులేసే పంచారు.

తర్వాత అసలు పని. రైతు సేవా కేంద్రం వరండాలో రైతులందరినీ కూర్చోబెట్టి, ఆ ఏడాది దాళ్వా, అంటే రెండో పంట, మానేయమన్నారు బుల్లబ్బాయి గారు. ఆ మూడు నెలలూ కాలువ నీళ్ళతో చేలు కడుక్కోవాలి. మంచినీళ్ళు పెట్టాలి, దమ్ము చెయ్యాలి, రెండురోజులు నిలవనిచ్చి వదిలేయాలి. అలా మూడుసార్లు చేశాక పచ్చిరొట్టకి జీలుగ చల్లి, ఎదిగాక కలిపి దున్నేయాలి.

నీటిసంఘం ప్రెసిడెంటు కృష్ణమోహన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. శివారు చేనుకి ఎగువన ఐదెకరాల రైతు. మాట తక్కువ, దర్జా ఎక్కువ. "దాళ్వా మానేసి ఏం తింటామయ్యా, బుల్లబ్బాయీ" అన్నారు.

బుల్లబ్బాయి గారు అందరి చేలలోంచీ పిడికెడు మట్టి ముందే తెచ్చి, గ్లాసుల్లో నీళ్ళు పోసి కలిపి, తేటకట్టించి ఉంచారు. ఎవరి చేను గ్లాసు వాళ్ళ చేతికిచ్చారు. "ఒక గుక్క తాగండి. మీరు తాగగలిగితే వరీ తాగుద్ది, దాళ్వా వేసుకోండి."

అందరూ గుక్క నోట్లో పోసుకుని బయటికి పరుగెత్తి ఉమ్మేశారు. కృష్ణమోహన్ గారు మాత్రం నలుగురిలో ఉమ్మడమేమిటని మింగేశారు. ఆయన ముఖం చూశాక ఎవరూ దాళ్వా మాట ఎత్తలేదు.

ఆ మూడు నెలలూ ఉపాధి హామీ పని కింద ఊళ్ళో వాళ్ళచేతే గట్లు కట్టించారు. చేలు కడిగించారు. ముప్ఫై మూడేళ్ళ అలవాటు, పైనుంచి కిందికి వంతు. మొదటి చేను కడిగిన నీళ్ళు రెండోదానిలోకి, రెండోదానివి మూడోదానిలోకి. ఒక్కరి వంతు తప్పలేదు, ఒక్క తగువు రాలేదు. ఆయన గట్టు మీద నిలబడి కేకలేస్తుంటే, పెళ్ళి జరిపిస్తున్న పెద్దలా ఉన్నాడని నవ్వుకునేవారు.

తొలకరి తర్వాత సార్వా, అంటే వానాకాలం పంట, ఊడ్పులయ్యాయి. పదిహేను రోజులకి చేలన్నీ పచ్చబడ్డాయి. ఊరికి మళ్ళీ ఊపిరొచ్చింది. ఒక్క ఆదిలక్ష్మి చేలో నాట్లు తెల్లబడి వాలిపోయాయి. ఆమె అప్పోసప్పో చేసి నారు తెచ్చి మళ్ళీ ఊడ్చింది. అదీ పోయింది.

"గట్టు సరిగా వేసుండవమ్మా. మురుగు కాలువ ఊట దిగుంటాది. నేను అప్పుడే చెప్పేనా లేదా" అని బుల్లబ్బాయి గారు ఆమెనే కేకలేశారు.

"ఆయ్, బాబాయిగారండీ" అంది ఆదిలక్ష్మి. ఆమె గట్టు ఊళ్ళోకెల్లా గట్టి గట్టు. ఆ మాట ఆమె అనలేదు.

ఆ శ్రావణంలో వ్యవసాయ సహాయకురాలు షైనీ ఉప్పు కొలిచే మీటరు పట్టుకుని వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది. మొదటి చేలో మీటరు ముంచి అంకె రాసుకుంది. రెండో చేలో ముంచింది, మూడో చేలో ముంచింది. బుల్లబ్బాయి గారు వెనకాలే గొడుగు పట్టుకుని నడుస్తున్నారు. అంకె చేను చేనుకీ పెరుగుతోంది. తొమ్మిదోది ఆయన సొంత నలభై సెంట్లు. అక్కడా పెరిగింది. కృష్ణమోహన్ గారి చేలో కింది మడి దగ్గర ఇంకా పెరిగింది. శివారు చేలో ముంచాక షైనీ ఆ అంకె పైకి చదవలేదు, కాగితం మీద రాసి ఆయన వైపు తిప్పింది.

బుల్లబ్బాయి గారు చదువుకున్నది ఎనిమిదో తరగతే అయినా నీటి విషయంలో ఆయనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. గట్టు మీద కూలబడ్డారు.

"అంటే, ఊరందరి ఉప్పూ కడిగి ఈవిడ చేలో పోసేనా, అమ్మా?"

"మీరేం కావాలని చెయ్యలేదు కదండీ" అంది షైనీ. "నీళ్ళు వచ్చే దారినే ఉప్పూ వచ్చింది."

ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. వంతు తప్పకపోవడమే న్యాయమనుకుని ముప్ఫై మూడేళ్ళు బతికిన మనిషి. ఆ వంతే ఒకరి పొలాన్ని పాడుచేసిందంటే తట్టుకోవడం తేలిక కాదు. పైగా తప్పు తనది పెట్టుకుని తిట్టింది ఆమెని. వీరవేణి కంచం ముందుపెట్టి, "ఆ పిల్ల దగ్గరికెళ్ళి ఆ మాట చెప్పి రండి, తర్వాత తిందురుగాని" అంది. ఆయన వెళ్ళారు. ఏం చెప్పారో, ఎలా చెప్పారో ఎవరికీ తెలియదు. వచ్చి మాత్రం చారన్నం తిన్నారు.

సార్వా కోతలయ్యాక, మార్గశిరంలో ఒక ఉదయం ఆదిలక్ష్మి బుల్లబ్బాయి గారింటికి వచ్చింది. గుమ్మం పక్కన నిలబడి చెప్పింది. "ఏడుకొండలు గారు చేను లీజుకి అడుగుతున్నారండీ, రొయ్యల చెరువుకి. మీకు చెప్పకుండా మాటివ్వకూడదని వచ్చేను."

బుల్లబ్బాయి గారికి సంగతి అర్థమైపోయింది. ఏడుకొండలు అరవై సెంట్ల కోసం రాలేదు. మురుగు కాలువని ఆనుకుని ఉన్న చేను అదొక్కటే. అది చేతికొస్తే ఉప్పునీటి మోటారు పెట్టుకోవచ్చు. ఒక చెరువు పడితే ఊటకి పక్కచేను చస్తుంది, ఆ రైతూ చెరువే తవ్వించుకుంటాడు. ఏడాది తిరగకుండా నలభై ఎకరాల్లో వరి కంకి మిగలదు. కడుక్కున్నదంతా వృథా. కానీ ఆమెని వద్దనడానికి తనకి నోరెక్కడుంది? రెండుసార్లు ఊడ్చి రెండుసార్లూ పోగొట్టుకున్న మనిషి. పోగొట్టింది తను.

"చెరువులు తవ్వేది ఎండాకాలంలోనే గదమ్మా. ఏప్రిల్లో కాలువ నీళ్ళు కట్టేసేదాకా ఆగగలవా? ఈలోగా నీ చేను కడిగించే దారి చూస్తాను" అన్నారు.

"చూద్దామండీ" అంది ఆదిలక్ష్మి.

దారి ఆయనకి తెలుసు. తెలుసు గనకే ఇంకా బాధ. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది, పద్దెనిమిది చేలకీ తూర్పు పక్కన ఒక మురుగుబోదె ఉండేది. పైన కాలువ బోదెతో మొదలై, అన్ని గట్లనీ ఒరుసుకుంటూ దిగి మురుగు కాలువలో కలిసేది. ఏ చేను నీళ్ళు ఆ చేనుకే పక్కకి దిగిపోయేవి. అవసరమైతే మంచినీళ్ళని ఎవరి చేనూ తాకకుండా సూటిగా శివారుకి పంపగలిగేవారు. ఆ బోదె ఏమైందంటే, ఏమీ కాలేదు. ఊడ్పుల ముందు ప్రతి రైతూ పారతో గట్టు చెక్కుతాడు. కలుపు పోవాలని చెక్కుతాడు, చేను నాలుగు వేళ్ళు పెరగాలనీ చెక్కుతాడు. ఏడాదికి నాలుగు వేళ్ళు ఎవరికీ కనిపించవు. నలభై ఏళ్ళకి బోదె మొత్తం చేలలో కలిసిపోయింది. తిలాపాపం తలా పిడికెడు.

చెక్కినవాళ్ళని ఆపాల్సింది లస్కరు. బుల్లబ్బాయి గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఒకరు అరటిగెల పంపేవారు, ఇంకొకరు బావగారి వరస. అన్నిటికీ మించి, తొమ్మిదో చేనుకి కూడా ఒక పార ఉంది, అది తనదే.

పుష్యమాసం మొదట్లో మళ్ళీ వరండాలో కూర్చోబెట్టారు. బోదె తిరిగి తవ్వాలన్నారు. పంచాయతీలో ఎవరి తప్పో తేల్చాల్సి వచ్చినప్పుడు మనవాళ్ళు కూర్చునే తీరే వేరు. ఒకరు గోడ వంక చూస్తారు, ఒకరు ఫోను చూసుకుంటారు.

"బోదె ఎక్కడుందండీ తవ్వడానికి? నాకు తెలిసి లేదు" అన్నారొకరు.

"సర్వేయర్ని పిలుద్దాం. కొలిపిద్దాం. అప్పుడు చూద్దాం" అన్నారు కృష్ణమోహన్ గారు. సర్వేయరు రావడమంటే రెండు పంటల కాలం.

"సర్వేయరెందుకండీ, నేనున్నాను" అన్నారు బుల్లబ్బాయి గారు. లేచి నిలబడ్డారు. గొంతు ఎప్పటంత పెద్దగా లేదు. "బోదె మీరు తిన్నారు. నేను తిననిచ్చేను. నా చేలో కూడా రెండు గజాలుంది. కడగడంలో పైనుంచి కిందికి పెట్టి ఆ అమ్మాయి పొట్ట కొట్టింది నేను. ఆవిడ చెరువుకిచ్చేస్తే మనం తిన్న బోదెతో పాటు చేలూ పోతాయి. రేపొద్దున్న నా చేను దగ్గర మొదలెడతాను. వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళని నేనేమీ అనను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మర్నాడు ఆయన తన నలభై సెంట్లలోకి దిగారు. దాళ్వా ఊడ్పులు అయి వారమే అయింది. తూర్పుగట్టు పొడవునా రెండు గజాల మేర, వీరవేణి వంగి ఊడ్చిన మొక్కల్ని ఆయనే పీకి గట్టు మీద పెట్టారు. తర్వాత పార వేశారు. అరవై ఏడేళ్ళ మనిషి, పది పారలకోసారి నడుం పట్టుకుని నిలబడుతున్నారు. వీరవేణి చద్దన్నం తెచ్చి, పీకిన మొక్కల్ని చూసి, ఏమీ అనకుండా వాటిని బుట్టలోకి ఎత్తి ఆవుకి పట్టుకెళ్ళింది. ఆదిలక్ష్మి శివారు గట్టు మీద నుంచి అంతా చూస్తూ నిలబడింది.

మూడో రోజు అన్నగారు పార పట్టుకొచ్చారు. అన్నగారు వచ్చాక బావగారి వరస ఆయనకి రాక తప్పలేదు. అరటిగెల పంపినవారు సిగ్గుపడి వారం తర్వాత వచ్చారు. అందరూ ఒక్కసారి రాలేదు, వచ్చినవాళ్ళందరూ రోజూ రాలేదు. ఒకరికి జ్వరం, ఒకరికి అంతర్వేది తీర్థం, ఇంకొకరి పార కర్ర విరిగింది. మాఘం వెళ్ళింది, ఫాల్గుణం వెళ్ళింది. బుల్లబ్బాయి గారు పొద్దున్నే ఇళ్ళ ముందు నిలబడి పిలిచేవారు. ఎవరూ తలుపు తియ్యకపోతే ఆ ఇంటివారి కుక్కని పేరుపెట్టి పలకరించి, "మీ వాళ్ళు లేచేరా" అని గట్టిగా అడిగేవారు. ఆ గొంతుకి లేవని ఇల్లు లేదు.

మధ్యమధ్య కలిసినప్పుడల్లా ఆదిలక్ష్మిని అడిగేవారు. "ఏమనుకుంటున్నావమ్మా?" ఆమె, "చూద్దామండీ" అనేది. ఆ మాట ఊళ్ళో అందరి చెవినా పడేది. పడినప్పుడల్లా ఇంకో ఇద్దరు పారలు తీసేవారు.

ఉగాది నాటికి బోదె పదహారు చేలు దాటింది. కృష్ణమోహన్ గారి గట్టు దగ్గర ఆగిపోయింది.

ఆగడానికి కారణం ఉంది. తుఫానుకి ముందు ఆయనకి నలభై కొబ్బరిచెట్లు. ఒక్క రాత్రిలో ముప్ఫై మూడు పోయాయి. మిగిలిన ఏడూ ఆ తూర్పుగట్టు మీదే ఉన్నాయి. గట్టు అనుకుని వేసినవి, నిజానికి పాత బోదెలో వేసినవి. కోనసీమలో కొబ్బరిచెట్టుని ఇంటి పెద్దకొడుకంటారు. నలభై మందిలో ఏడుగురు మిగిలిన ఇంటికి వెళ్ళి ఆ ఏడుగురినీ అడగాలి.

కాలువ కట్టేయడానికి పదకొండు రోజులుంది. శివారు చేను రెండుసార్లు కడగడానికి కనీసం తొమ్మిది రోజులు కావాలి. బుల్లబ్బాయి గారు చెట్ల దగ్గరికి వెళ్ళారు. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూనే వెళ్ళారు. కృష్ణమోహన్ గారు ఒక చెట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"ఈ ఏడూ నిలబడ్డాయి బుల్లబ్బాయీ. తుఫానైన మర్నాడు వీటిని చూసేకే నేను ముద్ద మింగేను. వీటిని కొట్టమంటావా?"

"అననండీ. నేననలేను" అని బుల్లబ్బాయి గారు అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి కృష్ణమోహన్ గారూ పక్కన కూర్చున్నారు. ఎప్పుడూ కుర్చీ లేనిదే కూర్చోని మనిషి.

కృష్ణమోహన్ గారే అడిగారు. "ఆ అమ్మాయి నిజంగా చెరువుకి ఇచ్చేస్తాదంటావా?"

"చూద్దామండీ అంటాదండి. నాలుగు నెలల్నుంచీ అదే మాట."

"చూద్దామంటే ఇచ్చేసినట్టే." ఆయన లేచి పంచె దులుపుకున్నారు. చెట్లకి ఇవతల, చేలోకి నాలుగు గజాలు నడిచి, మడమతో గీత గీశారు. "చెట్లు కొట్టను. వేళ్ళు కూడా తెగకూడదు. ఇక్కణ్ణుంచి తవ్వండి."

అక్కడ వరి పాలుపోసుకుని గింజ గట్టిపడుతోంది. పది పదిహేను రోజుల్లో కోతకొచ్చే పంట. బోదెకి కావలసినదానికి రెట్టింపు నేల పోతుంది. బుల్లబ్బాయి గారు దండం పెట్టబోతే కృష్ణమోహన్ గారు, "ముందు కొడవళ్ళు తెప్పించు. పశువులకైనా పనికొస్తాది" అని విసుక్కున్నారు.

రెండు రోజుల్లో ఆయన చేను పొడవునా నూట ఇరవై గజాలూ పదిహేడు ఇళ్ళ వాళ్ళు తవ్వేశారు. ఈసారి ఎవరికీ జ్వరం రాలేదు. మూడో రోజు పొద్దున్న బుల్లబ్బాయి గారు కాలువ దగ్గర షట్టరు ఎత్తి, గట్టు వెంట నీళ్ళతో పాటే నడుచుకుంటూ కిందికి వచ్చారు. శివారులో ఊరంతా ఉంది. వీరవేణి ఉంది, షైనీ మీటరు పట్టుకుని ఉంది, కృష్ణమోహన్ గారు కుర్చీ తెప్పించుకుని ఉన్నారు. ఆదిలక్ష్మి ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది.

మురుగు కాలువ వంతెన మీద మోటారు సైకిలు ఆగింది. ఏడుకొండలు. జనాన్ని చూసి దిగి వచ్చాడు.

బుల్లబ్బాయి గారికి ఉత్సాహం ఆగలేదు. "చూసేవా ఏడుకొండలూ, బోదె వచ్చేసింది. ఇంక నీ చెరువు మాట మర్చిపో" అన్నారు.

ఏడుకొండలు తెల్లబోయాడు. "నేనెప్పుడో మర్చిపోయేనండీ. ఈవిడ పుష్యమాసంలోనే కాదనేసేరు కదా. నేను ఆవలి ఊళ్ళో చూసుకుని మోటారు కూడా పెట్టేసుకున్నాను."

అందరూ ఆదిలక్ష్మి వైపు తిరిగారు. ఆమె తల వంచుకుని, కాలి బొటనవేలితో మట్టి గీస్తోంది.

"నిజమేనా అమ్మా?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"ఆయ్, నిజమేనండీ. మీరు మీ మడిలో ఊడ్చిన మొక్కలు మీ చేత్తో పీకేరు చూడండి. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పేసేను."

"మరి నాకు చెప్పొద్దా? నాలుగు నెలలు నిద్రలేదు నాకు."

"చెబితే పారలు కింద పెట్టేస్తారు కదండీ" అంది ఆదిలక్ష్మి. "నా చేను చెరువవదని తెలిస్తే ఇంక ఎవరు తవ్వుతారండీ?"

వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లబ్బాయి గారు చూశారు. "నీకూ తెలుసా?"

"మీకు చెబితే కాలువలో వేసినట్టే గదండీ. ఊరి చివరిదాకా పారుద్ది" అంది వీరవేణి.

కృష్ణమోహన్ గారు కుర్చీలోంచి లేచారు. ముఖం ఎర్రబడింది. "అయితే నా పండే చేను ఊరికే కోయించేరా?"

"ఊరికే కాదండీ, ప్రెసిడెంటు గారూ" అంది ఆదిలక్ష్మి నెమ్మదిగా. "మీ కింది మడిలో కూడా నాట్లు మాడేయి కదండీ. నలుగురికీ తెలియకుండా మళ్ళీ ఊడ్పించుకున్నారు. నా గట్టు మీంచి కనిపిస్తాదండి."

కృష్ణమోహన్ గారు ఆమెని చూశారు, బోదెని చూశారు, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఆయన భుజాలు కదలడం మొదలయ్యాక గానీ నవ్వుతున్నారని ఎవరికీ అర్థం కాలేదు.

బుల్లబ్బాయి గారు నవ్వలేకపోయారు. ఇన్నాళ్ళూ ఊరిని తను నడిపిస్తున్నాననుకున్నారు. ఊరిని నడిపించింది ఈ గట్టు మీద కూర్చున్న మనిషి, నోరు మూసుకుని. "మూడు నెలలు ఎలా ఆపుకున్నావమ్మా, ఈ మాట?" అని అడిగారు.

"శివారు చేను వాళ్ళం కదండీ. ఆగడం మాకు అలవాటే" అంది ఆదిలక్ష్మి.

ఆమె ఎత్తిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది. అందుకే అది ఆయనకి సూటిగా తగిలింది. ముప్ఫై మూడేళ్ళూ ఆ వంతులు వేసింది తనే.

అప్పుడే బోదె మలుపులో నీళ్ళు కనిపించాయి. ఆకులూ పుల్లలూ తోసుకుంటూ వస్తున్నాయి. బుల్లబ్బాయి గారు గబగబా చేలోకి దిగి గట్టుకి పార వేశారు. కంగారులో గండి ఒకటిన్నర గజం కొట్టేశారు. పదిహేడు చేలలో ఒక్కదాన్నీ తాకకుండా వచ్చిన నీళ్ళు ఆదిలక్ష్మి చేలోకి దిగాయి.

ఆమె ఇంకా గట్టు మీదే కూర్చుని ఉంది, అలవాటుగా.

"లే అమ్మా, నీళ్ళొచ్చేసేయి" అన్నారు బుల్లబ్బాయి గారు.